పూత.. రేకు.. పలుచటి పొర: బ్యాటరీ సెల్ మనం ఎందుకు చేయలేకపోతున్నాం?

ఫోన్, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకు, డ్రోన్.. వీటన్నింటిలో ఉండేది దాదాపు ఒకటే రకం బ్యాటరీ. వెండిరంగు సంచిలా పలుచగా, నొక్కితే కాస్త మెత్తగా ఉంటుంది. వాడుకలో దాన్ని లిథియం పాలిమర్ లేదా లైపో సెల్ అంటున్నాం. మన దేశం ఏటా కోట్ల ఫోన్లు తయారుచేసి ఎగుమతి కూడా చేస్తోంది. వాటి లోపలి సెల్ మాత్రం ఎక్కువగా దిగుమతి అవుతోంది. ఈ లోటు పూడ్చేందుకు కేంద్రం వరుసగా పథకాలు ప్రకటిస్తోంది. మరోవైపు విమానయాన సంస్థలు పవర్ బ్యాంకులపై ఆంక్షలు పెడుతున్నాయి. ఈ రెండు వార్తలూ అర్థం కావాలంటే ముందు సెల్ లోపల ఏముందో తెలియాలి. పోటీ పరీక్షల అభ్యర్థులకు ఇది సైన్స్ అండ్ టెక్నాలజీ, ఎకానమీ రెండింటికీ పనికొచ్చే అంశం. ఇంజినీరింగ్, డిప్లొమా, కెమిస్ట్రీ విద్యార్థులకు ఉపాధి మార్గం కూడా.

ఎందుకు వార్తల్లో ఉంది?

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో టేకాఫ్‌కు సిద్ధంగా ఉన్న ఎయిర్ బుసాన్ విమానం తగలబడింది. అందులోని 176 మందినీ బయటకు తీసుకురాగలిగారు. సీట్లపైన సామాన్లు పెట్టే అరలో ఉన్న పవర్ బ్యాంకు లోపల ఇన్సులేషన్ దెబ్బతినడం వల్లే మంటలు వచ్చి ఉండవచ్చని మార్చిలో దర్యాప్తు అధికారులు చెప్పారు. ఆ నెల నుంచే కొరియాలో పవర్ బ్యాంకులను పైఅరల్లో పెట్టకూడదనే నిబంధన వచ్చింది. చైనా జూన్ 28 నుంచి తమ దేశ భద్రతా ముద్ర అయిన 3సీ లేని పవర్ బ్యాంకులను దేశీయ విమానాల్లో నిషేధించింది. ఎమిరేట్స్ సంస్థ అక్టోబరు 1 నుంచి ప్రయాణంలో వాటి వాడకాన్నే ఆపేసింది. అదే ఏడాది జూన్‌లో ఆంకర్ అనే ప్రముఖ సంస్థ ఒక్క అమెరికాలోనే 11 లక్షలకు పైగా పవర్ బ్యాంకులను వెనక్కి పిలిపించింది.

ఇక మన దేశంలో.. 2025 మార్చి 28న కేంద్ర మంత్రివర్గం రూ.22,919 కోట్లతో ఎలక్ట్రానిక్స్ విడిభాగాల తయారీ పథకాన్ని ఆమోదించింది. ప్రోత్సాహకాలు అందుకునే విడిభాగాల జాబితాలో డిజిటల్ పరికరాల్లో వాడే లిథియం-అయాన్ సెల్ కూడా ఉంది. అంటే ఫోన్, ల్యాప్‌టాప్‌ల్లోకి వెళ్లే సెల్ అన్నమాట. వాహనాలు, విద్యుత్ నిల్వకు వాడే పెద్ద సెల్స్‌ది వేరే పథకం. ఈ తేడా ప్రిలిమ్స్‌లో అడగడానికి వీలున్నది.

పేరులోనే ఉన్న తికమక

లిథియం పాలిమర్ అనగానే ఇది లిథియం-అయాన్‌కు పూర్తిగా భిన్నమైనదని చాలామంది అనుకుంటారు. పని సూత్రంలో రెండూ ఒకటే. చార్జింగ్ చేసేటప్పుడు లిథియం అయాన్లు కాథోడ్ నుంచి ఆనోడ్‌కు వెళ్తాయి. వాడేటప్పుడు తిరిగి వస్తాయి. ఎలక్ట్రాన్లు మాత్రం బయటి తీగల ద్వారా ప్రయాణించి మన ఫోన్‌ను నడిపిస్తాయి.

మరి పాలిమర్ అనే మాట ఎక్కడిది? 1970ల చివర్లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త మిషెల్ అర్మాన్ ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. అయాన్లు ప్రయాణించే ద్రవం స్థానంలో పాలీఇథిలీన్ ఆక్సైడ్ అనే ఘన పాలిమర్‌ను వాడాలన్నది ఆ ఆలోచన. కారిపోయే ద్రవమే లేకపోతే ప్రమాదం తగ్గుతుంది కదా! చిక్కేమిటంటే ఆ పాలిమర్‌లో మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర అయాన్లు మందకొడిగా కదులుతాయి. బాగా వేడెక్కితేనే సరిగ్గా పనిచేస్తుంది. పారిస్‌లో 2011 నుంచి 2018 దాకా నడిచిన ఆటోలిబ్ అద్దె కార్లలో ఇలాంటి నిజమైన పాలిమర్ బ్యాటరీలే వాడారు. ఫోన్‌లో అలా కుదరదు.

1990ల్లో అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధకులు మధ్యేమార్గం చూపారు. పాలిమర్‌ను ద్రవంలో నానబెట్టి జెల్‌లా మార్చారు. ఆ దారిలో వచ్చిన సెల్స్‌కు గట్టి ఉక్కు డబ్బా అవసరం తగ్గింది. పలుచటి సంచి సరిపోయింది. క్రమంగా సంచిలో ఉన్న ప్రతి సెల్‌కూ లైపో అనే పేరు స్థిరపడిపోయింది. ఈరోజు మార్కెట్లో లైపో పేరుతో దొరికే చాలా సెల్స్‌లో ఉండేది ద్రవ ఎలక్ట్రోలైటే, లేదంటే కాస్త చిక్కబరిచిన జెల్. అందుకే వీటిని పౌచ్ సెల్స్ అనడమే సరైన మాట.

లోపల ఏముంది?

ఆత్రేయపురం పూతరేకు గుర్తు తెచ్చుకోండి. కాగితం కంటే పలుచని రేకు, దానిమీద చక్కెర, నెయ్యి, మళ్లీ రేకు, ఆపై మడత. బ్యాటరీ సెల్ నిర్మాణం కూడా దాదాపు అలాంటిదే. ఇక్కడ రేకు లోహానిది, పూత రసాయనానిది.

కాథోడ్: 10 నుంచి 20 మైక్రాన్ల అల్యూమినియం రేకు. దానికి రెండు వైపులా లిథియం సమ్మేళనం పూత. ఫోన్లలో ఇది ఎక్కువగా లిథియం కోబాల్ట్ ఆక్సైడ్. తక్కువ జాగాలో ఎక్కువ శక్తి ఇముడుతుంది కాబట్టి ఖరీదైనా దీన్నే ఎంచుకుంటారు. విద్యుత్ వాహనాల్లో నికెల్-మాంగనీస్-కోబాల్ట్ రకం, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం ఎక్కువ.

ఆనోడ్: 6 నుంచి 10 మైక్రాన్ల రాగి రేకు. దానికి రెండు వైపులా గ్రాఫైట్ పూత. గ్రాఫైట్‌లో పొరలు పొరలుగా ఉండే సందుల్లోకి లిథియం అయాన్లు దూరి కూర్చుంటాయి.

సెపరేటర్: ఈ రెండింటి మధ్య పాలీఇథిలీన్ లేదా పాలీప్రొపిలీన్ పొర. మందం సుమారు 5 నుంచి 20 మైక్రాన్లు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందంటే ఇది ఎంత పలుచనో ఊహించుకోవచ్చు. కంటికి కనిపించని రంధ్రాల ద్వారా అయాన్లను వెళ్లనిస్తుంది, కాథోడ్‌నూ ఆనోడ్‌నూ మాత్రం ఒకదాన్నొకటి తాకనివ్వదు. సెల్ భద్రతకు ఆధారం ఈ పొరే.

ఎలక్ట్రోలైట్: ఇథిలీన్ కార్బొనేట్ వంటి సేంద్రియ ద్రావకాల్లో కరిగించిన లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లవణం. ఈ ద్రావకాలకు మండే గుణం ఉంది.

ఒక వైపు అల్యూమినియం, మరోవైపు రాగి ఎందుకు? రెండు వైపులా చవకైన అల్యూమినియమే వాడొచ్చు కదా? ఇది ఇంటర్వ్యూల్లో అడగదగిన ప్రశ్న. ఆనోడ్ వైపు ఉండే తక్కువ వోల్టేజీ దగ్గర అల్యూమినియం లిథియంతో కలిసి మిశ్రమ లోహంగా మారిపోతుంది, రేకు పొడిపొడి అవుతుంది. రాగికి ఆ ఇబ్బంది లేదు. అయితే కాథోడ్ వైపు ఉండే ఎక్కువ వోల్టేజీని రాగి తట్టుకోలేదు, కరిగిపోతుంది. అల్యూమినియం మీద ఏర్పడే రక్షణ పొర అక్కడ దాన్ని కాపాడుతుంది. అందుకే ఎవరి చోటు వారిది.

ఇదే సూత్రం ఇంకో విషయం కూడా చెబుతుంది. సెల్‌ను మరీ అడుగంటేలా వాడితే ఆనోడ్ వైపు రాగి కూడా కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడ పడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ సర్క్యూట్‌కు దారితీయవచ్చు. నెలల తరబడి మూలన పడేసిన డ్రోన్ బ్యాటరీని అలాగే చార్జింగ్‌కు పెట్టొద్దనేది ఇందుకే.

చుట్టడమా, పేర్చడమా?

ఈ పొరలను సెల్‌గా మార్చడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది చాప చుట్టినట్టు చుట్టేసి, బల్లపరుపుగా నొక్కడం. దీన్ని జెల్లీ రోల్ అంటారు. యంత్రం వేగంగా చేస్తుంది, ఖర్చు తక్కువ. అయితే మలుపు తిరిగే అంచుల దగ్గర పొరలపై ఒత్తిడి ఎక్కువ. రెండోది ముక్కలుగా కత్తిరించి పేక ముక్కల్లా ఒకదానిపై ఒకటి పేర్చడం. ఇందులో సెపరేటర్‌ను ఇటూ అటూ మడతపెడుతూ మధ్యలో ఆనోడ్, కాథోడ్‌లను దూరుస్తారు. పని నెమ్మదిగా సాగినా ఒత్తిడి సమంగా ఉంటుంది, ఎక్కువ కరెంటు ఒక్కసారిగా తీసుకోవచ్చు. డ్రోన్లకు కావాల్సింది ఇదే.

ఏ పద్ధతైనా ఒక నియమం తప్పదు. ఆనోడ్ వైశాల్యం కాథోడ్ కంటే అన్ని వైపులా కొంచెం పెద్దదిగా ఉండాలి. లేకపోతే అంచుల దగ్గరికి వచ్చిన లిథియం అయాన్లకు కూర్చునే చోటు దొరక్క, లోహంగా పేరుకుంటుంది. అది సూదుల్లా పెరిగి సెపరేటర్‌ను పొడిచే ప్రమాదం ఉంది. ఇక్కడ తేడా మిల్లీమీటర్లలోనే ఉంటుంది. యంత్రం అంత కచ్చితంగా, లక్షల సెల్స్‌కు ఒకేలా చేయగలగాలి.

తరువాత రెండు ట్యాబ్‌లు అతుకుతారు. కాథోడ్‌కు అల్యూమినియం, ఆనోడ్‌కు నికెల్ లేదా నికెల్ పూసిన రాగి. ఆ తరువాత మొత్తాన్ని సంచిలో పెడతారు. ఈ సంచి మూడు పొరల కలయిక. బయట నైలాన్, మధ్యలో తేమను అడ్డుకునే అల్యూమినియం రేకు, లోపల వేడికి అతుక్కునే పాలీప్రొపిలీన్. చిప్స్ ప్యాకెట్‌లా కనిపించినా దీని తయారీ చాలా కష్టం. ఏళ్ల తరబడి లోపలికి తేమ రాకూడదు, బయటకు ద్రవం పోకూడదు.

తేమ అంటే ఎందుకంత భయం? నీటి చుక్క తగిలితే చాలు, ఎలక్ట్రోలైట్‌లోని లవణం విచ్ఛిన్నమై హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అందుకే సెల్ బిగింపు, ద్రవం నింపడం వంటి పనులన్నీ డ్రై రూమ్‌లోనే జరుగుతాయి. అక్కడి గాలిలో తేమ ఎంత తక్కువంటే, మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరిస్తే తప్ప మంచు పట్టదు. ఫ్యాక్టరీ కరెంటు బిల్లులో పెద్ద వాటా ఈ గదులదే. ఉక్కపోత ఎక్కువగా ఉండే మన వాతావరణంలో ఆ ఖర్చు ఇంకా పెరుగుతుంది.

మొదటి చార్జింగే అసలు పరీక్ష

సంచిలో ద్రవం నింపినంత మాత్రాన సెల్ సిద్ధమైనట్టు కాదు. మొదటిసారి నెమ్మదిగా చార్జ్ చేసేటప్పుడు ఎలక్ట్రోలైట్‌లో కొంత భాగం గ్రాఫైట్ ఉపరితలంపై విచ్ఛిన్నమై సన్నని పొరగా మారుతుంది. దీన్ని ఎస్‌ఈఐ పొర అంటారు. అయాన్లను వెళ్లనిస్తూ, ద్రవం ఇంకా పాడవకుండా కాపాడేది ఇదే. ఇది సమంగా ఏర్పడితే బ్యాటరీ వందల సార్లు చార్జింగ్‌ను తట్టుకుంటుంది. లేకపోతే తొందరగా చతికిలపడుతుంది.

ఈ దశలో వాయువులు వెలువడతాయి. అందుకే సంచికి ఒక పక్కన అదనంగా ఖాళీ వదులుతారు. వాయువు అక్కడికి చేరాక ఆ భాగాన్ని కత్తిరించి, శూన్యంలో మళ్లీ సీల్ చేస్తారు. తరువాత రోజుల తరబడి, ఒక్కోసారి రెండు మూడు వారాల పాటు సెల్స్‌ను అరల్లో పెట్టి వోల్టేజీ పడిపోతోందేమో చూస్తారు. లోపల ఎక్కడైనా అతి సూక్ష్మమైన షార్ట్ ఉంటే ఇక్కడే బయటపడుతుంది. ఖర్చు తగ్గించుకోవాలని ఈ దశను కుదించినవారి సెల్స్‌లో లోపం వినియోగదారుడి చేతికి వచ్చాక బయటపడుతుంది.

నోట్ 7 నేర్పిన పాఠం

సెల్ నిర్మాణంలో చిన్న లోపం ఎంత నష్టం తెస్తుందో చెప్పడానికి శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 కంటే మంచి ఉదాహరణ లేదు. 2016 ఆగస్టులో విడుదలైన ఈ ఫోన్లు వరుసగా కాలిపోవడంతో సెప్టెంబరు 2న కంపెనీ సుమారు 25 లక్షల ఫోన్లను వెనక్కి పిలిచింది. మరో సరఫరాదారు సెల్స్‌తో కొత్తవి ఇచ్చింది. అవీ కాలిపోయాయి. అక్టోబరు 11న తయారీనే ఆపేసింది.

2 లక్షలకు పైగా ఫోన్లు, 30 వేలకు పైగా బ్యాటరీలను పరీక్షించి 2017 జనవరి 23న కారణాలు వెల్లడించారు. మొదటి సరఫరాదారు సెల్‌లో పై కుడి మూల దగ్గర సంచిలో తగినంత చోటు లేదు. దాంతో అక్కడ ఆనోడ్ వంగిపోయి సెపరేటర్ దెబ్బతింది. రెండో సరఫరాదారు సెల్‌లో సంచి బాగానే ఉంది. కాథోడ్ ట్యాబ్ వెల్డింగ్ దగ్గర ముళ్లలా పొడుచుకొచ్చిన లోహం ఇన్సులేషన్ టేపును, సెపరేటర్‌ను చీల్చింది. కొన్నింట్లో ఆ టేపే అతికించలేదు.

రసాయనం సరైనదే, డిజైన్ కూడా ప్రపంచ స్థాయి కంపెనీలదే. తప్పు జరిగింది మూల దగ్గరి కొద్దిపాటి చోటులో, వెల్డింగ్ చుక్కలో. సెల్ తయారీలో ఫార్ములా తెలిసినంత మాత్రాన సరిపోదని, కర్మాగారంలో క్రమశిక్షణే అసలు సాంకేతికత అని ఈ ఉదంతం చెబుతుంది. ఆ తరువాత శాంసంగ్ బ్యాటరీలకు ఎక్స్‌రే తనిఖీ సహా ఎనిమిది అంచెల పరీక్షను ప్రవేశపెట్టింది.

లోపల షార్ట్ అయితే జరిగేది ఇది. వేడికి ముందుగా ఎస్‌ఈఐ పొర విచ్ఛిన్నమవుతుంది. దాదాపు 130 డిగ్రీల దగ్గర పాలీఇథిలీన్ సెపరేటర్ కరుగుతుంది. ఇంకా వేడెక్కితే కాథోడ్ నుంచి ఆక్సిజన్ వెలువడుతుంది, పక్కనే మండే ద్రవం సిద్ధంగా ఉంటుంది. ఒక దశ విడుదల చేసిన వేడి తరువాతి దశను మొదలుపెడుతుంది. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. ఫోన్ వెనుక భాగం ఉబ్బిందంటే సంచిలో వాయువు చేరిందని అర్థం. అలాంటి బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, చార్జ్ చేయడం.. మూడూ ప్రమాదమే.

విమానాల్లో 100 వాట్ అవర్ల పరిమితి కూడా ఇక్కడిదే. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 10 ఆంపియర్ అవర్లు, దాన్ని 3.7 వోల్టులతో గుణిస్తే 37 వాట్ అవర్లు. ఈ లెక్కన సుమారు 27,000 ఎంఏహెచ్ దాకా అనుమతి. 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి.

ప్యాక్ వేరు.. సెల్ వేరు

మేడ్ ఇన్ ఇండియా అని రాసి ఉన్న బ్యాటరీ గురించి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇక్కడ తయారైంది ప్యాకా, సెల్లా? దిగుమతి చేసిన సెల్‌కు రక్షణ సర్క్యూట్ అతికించి, పైన తొడుగు వేస్తే అది ప్యాక్. ఈ పని మన దేశంలో చాలాకాలంగా జరుగుతోంది. పూత పూయడం, చుట్టడం, ద్రవం నింపడం, మొదటి చార్జింగ్.. ఇదంతా సెల్ తయారీ. విలువలో పెద్ద వాటా, నైపుణ్యంలో అసలు వాటా ఇక్కడే ఉన్నాయి.

ఈ దారిలో తిరుపతి ముందే అడుగు వేసింది. అక్కడి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో మునోత్ ఇండస్ట్రీస్ రూ.165 కోట్లతో పెట్టిన సెల్ కర్మాగారం 2022 సెప్టెంబరులో ప్రయోగాత్మక ఉత్పత్తి ప్రారంభించింది. సామర్థ్యం ఏడాదికి 270 మెగావాట్ అవర్లు, అంటే రోజుకు 10 ఆంపియర్ అవర్ల సెల్స్ 20 వేలు. ఇవి ప్రధానంగా పవర్ బ్యాంకుల కోసం. హరియాణాలోని సోహ్నాలో జపాన్ సంస్థ టీడీకే ప్లాంటు ఏడాదికి 20 కోట్ల ప్యాక్‌లు ఇస్తుందని, దేశ అవసరం 50 కోట్లలో ఇది 40 శాతమని కేంద్రం 2025లో ప్రకటించింది.

పెద్ద సెల్స్ విషయానికొస్తే, 2021 మేలో రూ.18,100 కోట్లతో పీఎల్‌ఐ-ఏసీసీ పథకం వచ్చింది. లక్ష్యం 50 గిగావాట్ అవర్లు. 2022లో ఓలాకు 20, రిలయన్స్‌కు 5, రాజేష్ ఎక్స్‌పోర్ట్స్‌కు 5 గిగావాట్ అవర్లు దక్కాయి. 2024లో రిలయన్స్‌కు మరో 10 వచ్చింది. దేశీయ విలువ జోడింపు రెండేళ్లలో 25 శాతం, ఐదేళ్లలో 60 శాతం ఉండాలన్నది షరతు. నాలుగేళ్లు దాటినా 2025 నాటికి నిజంగా ఉత్పత్తికి వచ్చింది లక్ష్యంలో చాలా చిన్న భాగమే.

తెలంగాణలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లి దగ్గర అమరరాజా గిగా కారిడార్ రూపుదిద్దుకుంటోంది. పదేళ్లలో రూ.9,500 కోట్ల పెట్టుబడి, 16 గిగావాట్ అవర్ల సెల్ సామర్థ్యం దీని లక్ష్యం. 2025 మేలో ఇక్కడే కాథోడ్ పదార్థం తయారుచేసే ఆల్ట్‌మిన్, ఖనిజాల శుద్ధి, పునర్వినియోగం చేసే లోహమ్ వంటి సంస్థల యూనిట్లకూ శంకుస్థాపన జరిగింది. సెల్ పక్కనే దాని ముడిపదార్థం తయారవడం మంచి పరిణామం.

అడ్డంకులేమిటి?

డబ్బు కంటే పెద్దవి మూడున్నాయి. ఒకటి, యంత్రాలు. పూత పూసేవి, చుట్టేవి, పేర్చేవి ఎక్కువగా చైనా, కొరియా, జపాన్‌ల నుంచి రావాలి. వాటిని నిలబెట్టి నడిపించే నిపుణులు కూడా మొదట్లో అక్కడివారే. 2025-26 బడ్జెట్‌లో విద్యుత్ వాహన బ్యాటరీల తయారీకి వాడే 35, మొబైల్ బ్యాటరీలకు వాడే 28 మూలధన పరికరాలను కస్టమ్స్ సుంకం మినహాయింపు జాబితాలో చేర్చడం దీన్ని దృష్టిలో పెట్టుకునే.

రెండు, పదార్థాలు. గ్రాఫైట్ శుద్ధిలో చైనాదే పైచేయి. 2023 డిసెంబరు నుంచి దాని ఎగుమతికి చైనా అనుమతి తప్పనిసరి చేసింది. 2025 జులైలో కాథోడ్ తయారీ సాంకేతికతపై ఆంక్షలు పెట్టింది. అక్టోబరులో అధునాతన బ్యాటరీలు, తయారీ యంత్రాలపైనా ప్రకటించి, నవంబరులో ఏడాదిపాటు నిలిపివేసింది. నిలిపివేశారంటే తీసేసినట్టు కాదు, తీగ వారి చేతుల్లోనే ఉంది. జమ్మూకశ్మీర్‌లోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం వనరులున్నట్టు 2023లో అంచనా వేశారు. అది ప్రాథమిక అంచనా మాత్రమే, తవ్వకం దశకు చాలా దూరం. అందుకే కాబిల్ సంస్థ అర్జెంటీనాలో ఐదు బ్లాకులు తీసుకుంది. 2025 జనవరిలో రూ.16,300 కోట్ల జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు ఆమోదం లభించింది.

మూడు, దిగుబడి. కొత్త సెల్ ఫ్యాక్టరీలో మొదటి నెలల్లో తయారైన సెల్స్‌లో చాలావరకు నాణ్యత పరీక్షలో నిలవవు. రద్దయ్యే సెల్స్ తగ్గించుకుంటూ పోవడానికి ఏళ్ల అనుభవం కావాలి. సబ్సిడీ ఫ్యాక్టరీ కట్టిస్తుంది. దిగుబడిని పెంచేది మనుషులే. పథకాల చర్చలో అందరూ గిగావాట్ల అంకెలు చెబుతారు. ఎంతమంది పూత ఆపరేటర్లను, ఎలక్ట్రోకెమిస్టులను తయారుచేస్తున్నామన్న లెక్క మాత్రం అరుదుగా వినిపిస్తుంది. మన విధానంలో పెద్ద ఖాళీ ఇదే.

ఎవరికి ఏ అవకాశం?

కెమికల్, మెటలర్జీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ: ముద్ద తయారీ, పూత, ఎలక్ట్రోలైట్, నాణ్యత పరీక్ష విభాగాలు. ఎలక్ట్రోకెమిస్ట్రీలో పట్టు తప్పనిసరి.

మెకానికల్, మెకట్రానిక్స్: చుట్టే, పేర్చే యంత్రాలు, వెల్డింగ్, డ్రై రూమ్ నిర్వహణ. లేజర్, అల్ట్రాసోనిక్ వెల్డింగ్ తెలిసినవారికి గిరాకీ ఉంటుంది.

ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్: బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, మొదటి చార్జింగ్ లైన్లు, పరీక్షా పరికరాలు.

డిప్లొమా, ఐటీఐ: లైన్ ఆపరేటర్, మెయింటెనెన్స్, డ్రోన్ బ్యాటరీల నిర్వహణ. నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ఆ డ్రోన్ల బ్యాటరీలను భద్రంగా చార్జ్ చేసి, నిల్వచేసి, మార్చేవారు పల్లెల్లోనే కావాలి.

రీసైక్లింగ్: 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలతో తయారీదారులపై సేకరణ బాధ్యత పడింది. కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు 2025 సెప్టెంబరులో రూ.1,500 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించారు.

చదువు విషయంలో కారైకుడిలోని సీఎస్‌ఐఆర్-సీఈసీఆర్‌ఐ ఎలక్ట్రోకెమికల్ పరిశోధనకు దేశంలోనే ప్రధాన కేంద్రం. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ బ్యాటరీ పదార్థాలపై పనిచేస్తోంది. ఫైనలియర్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లకు ఇలాంటి సంస్థలవైపు చూడొచ్చు. ఎన్‌పీటీఈఎల్‌లో బ్యాటరీలపై ఉన్న కోర్సులు ఉచితంగా వినొచ్చు. బయోడేటాలో బ్యాటరీలంటే ఆసక్తి అని రాయడం కంటే, కాలేజీ ల్యాబ్‌లో ఒక చిన్న కాయిన్ సెల్ చేసి, అది ఎన్నిసార్లు చార్జ్ అయ్యాక ఎందుకు పాడైందో చెప్పగలగడం ఎక్కువ ఉపయోగపడుతుంది.

ముందున్నదేమిటి?

ద్రవాన్ని పూర్తిగా తొలగించి ఘన ఎలక్ట్రోలైట్ వాడే సాలిడ్ స్టేట్ బ్యాటరీల కోసం ప్రపంచమంతా పోటీ పడుతోంది. అంటే పాలిమర్ అనే పేరు మొదట ఇచ్చిన మాట దగ్గరికే సైన్స్ మళ్లీ వస్తోంది. ఆ మార్పు వచ్చినా పూత, రేకు, తేమ లేని గది, కచ్చితమైన సీల్ అవసరం పోదు. ఈరోజు మామూలు పౌచ్ సెల్‌ను తప్పులేకుండా చేయడం నేర్చుకున్న దేశాలే రేపటి సెల్‌నూ ముందుగా చేస్తాయి.

పరీక్షల కోణంలో గుర్తుంచుకోండి

• లిథియం-అయాన్ బ్యాటరీల అభివృద్ధికి 2019 రసాయన నోబెల్: జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో. తొలిసారి మార్కెట్‌లోకి తెచ్చింది 1991లో సోనీ.
• ఆనోడ్ వైపు రాగి, కాథోడ్ వైపు అల్యూమినియం.
• సాధారణ లైపో సెల్ వోల్టేజీ 3.7, పూర్తి చార్జ్‌లో 4.2. కొత్త ఫోన్లలో 4.4 దాటుతోంది.
• ఫోన్ల సెల్స్‌కు ఎలక్ట్రానిక్స్ విడిభాగాల పథకం, వాహనాలు, నిల్వ సెల్స్‌కు పీఎల్‌ఐ-ఏసీసీ.

సాధన ప్రశ్నలు

1. బ్యాటరీ ప్యాక్ బిగింపునకూ సెల్ తయారీకీ తేడాను వివరిస్తూ, దేశీయ విలువ జోడింపు పెంచడంలో ఎదురయ్యే సవాళ్లను విశ్లేషించండి.
2. కీలక ఖనిజాల విషయంలో చైనా ఎగుమతి ఆంక్షలు భారత్ ఇంధన పరివర్తనపై చూపే ప్రభావమేమిటి? ప్రభుత్వ చర్యలు ఎంతవరకు సరిపోతాయి?
3. లిథియం పౌచ్ సెల్‌లో సెపరేటర్, ఎస్‌ఈఐ పొరల పాత్రను వివరించి, థర్మల్ రన్‌అవే దశలను రాయండి.